చెంప కడిగిన శుక్రవారం

నేను ఒక రాజకుమారి బొమ్మను. కోడిగుడ్డును నిలువునా రెండుగా కోస్తే ఒక ముక్క ఎంత ఉంటుందో అంతే ఉంటాను. చుట్టూ బంగారు పూత పూసిన చట్రం, వెనకాల ఉంగరమంత కొక్కెం ఉన్నాయి. మొహం మాత్రం లేదు. ఒక కన్ను మిగిలింది, మిగతాదంతా తెల్లటి దంతం. జాలి పడకండి. మీ జాలి నేను రోజూ చూస్తున్నాను. మ్యూజియం అద్దం మీద ఊపిరిలా కాసేపు పడుతుంది, అవతల టీ కొట్టు తెరిచారని తెలియగానే ఆరిపోతుంది.

ఇంచుమించు రెండువందల ముప్పై ఏళ్ళ కిందట, జర్మన్ దేశాల మధ్య ఇరుక్కుని ఫాల్కెన్‌రోడ్ అనే రాజ్యం ఉండేది. ఎంత రాజ్యమంటే, రాజుగారు పొద్దున్నే వేటకు బయల్దేరితే భోజనాల వేళకు పొరుగు రాజ్యంలో తేలేవారు. అంత నేలకూ ఒక సింహాసనం, ఒక ఫిరంగి, ఒక ఆస్థాన చిత్రకారుడు. ఆ చిత్రకారుడి పేరు మాథియాస్. ఏనుగు దంతాన్ని అప్పడం కన్నా పల్చగా కోసి, ఎండబెట్టి తెలుపెక్కించి, మెత్తటి రాతిపొడితో రుద్ది నన్ను తయారుచేశాడు. ఆ ఏనుగు ఏ దేశానిదో ఎవరూ అడగలేదు. రాజుల మొహం కోసం చచ్చిన జంతువుకు ఊరూ పేరూ దేనికి?

ఆ ఇళ్ళలో పెళ్ళికి ముందు అమ్మాయిని చూసే ఆచారం లేదు. అమ్మాయికి బదులు నాలాంటి బొమ్మ వెళ్ళేది. రాయబారి దాన్ని జేబులో పెట్టుకుని కోటలు తిరిగేవాడు. రాజకుమారి లూయిజాకు పంతొమ్మిదేళ్ళు. చిన్నప్పుడు మశూచికం వచ్చి తగ్గింది. కళ్ళు చక్కనివి, నవ్వు చక్కనిది, చెంపల నిండా గుంటలు.

మాథియాస్ ఆవిడను ఎదురుగా కూర్చోబెట్టి చూసి గీశాడు. నున్నటి దంతం మీద సీసపు గీత నిలవదని, ఒక్కొక్క గుంటనూ సన్నని సూదితో నా మీద గుచ్చాడు. ఎడమ చెంపన ఇరవై ఒకటి, కుడి చెంపన పదిహేడు, నుదుట నాలుగు. అప్పుడు లూయిజా తల్లి వచ్చి నా మీదకు వంగింది.

"ఇవేమిటి?"

"మచ్చలండీ."

ఆవిడ కూతురి మొహంలోకి సూటిగా చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను కాని, ఆ తరవాత చాలా శాంతంగా అంది: "నాకేమీ కనిపించడం లేదే."

రాణికి కనిపించనిది చిత్రకారుడికి ఎందుకు కనిపిస్తుంది? మాథియాస్ ఆ గుంటల్ని చిక్కటి రంగుతో పూడ్చాడు. చెంపల వెనక, దంతానికి అవతలి వైపు, వెండి రేకు అంటించాడు. దంతం గుండా ఆ మెరుపు వచ్చి చెంపలు పాలమీగడలా వెలిగాయి. అంతా నీళ్ళతో కలిపిన రంగే. పైన అద్దం బిగించకపోతే ఒక తడి వేలికి కూడా ఆగదు. రాజ్యాల సంబంధాలు అలాంటి దాని మీద కుదిరేవి. నేను అబద్ధంగానే పుట్టాను. మహా అందమైన అబద్ధం అని అందరూ అనేవారు.

ఆల్బ్రెక్ట్ అనే యువరాజు నన్ను చూసి ముద్దు పెట్టుకున్నాడు. పెళ్ళి కూడా వరుడు లేకుండానే జరిగింది. అతని బదులు రాయబారి నిలబడి ప్రమాణాలు చేశాడు, ముసలివాడు, మధ్యలో రెండుసార్లు తుమ్మాడు. తరవాత పెళ్ళికూతుర్ని సరిహద్దు దాకా బండిలో తీసుకొచ్చారు. ఆల్బ్రెక్ట్ తలుపు తీశాడు. ఆవిడను చూశాడు, చేతిలో ఉన్న నన్ను చూశాడు, మళ్ళీ ఆవిడను చూశాడు. "ప్రయాణం బాగా జరిగిందా?" అని అడిగాడు. మంచి మర్యాద గలవాడు.

ఆ మర్యాద ముప్పై రెండేళ్ళు సాగింది. భోజనాల బల్లకు ఆ చివర ఆవిడ, ఈ చివర ఆయన. ఆయన చొక్కా లోపల నేను. తోచనప్పుడు నన్ను తీసి చూసుకుని నిట్టూర్చేవాడు. ఆవిడ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చెయ్యి చాపి నన్ను అడిగింది. ఇవ్వలేదు. మోసం చేసింది ఆవిడేనని అతని నమ్మకం. మోసం చేసిన నన్ను మాత్రం గుండెకు హత్తుకున్నాడు. మనుషుల తెలివి మీద అప్పుడు పోయిన గౌరవం నాకు మళ్ళీ రాలేదు.

ఆయన పోయాక నౌకరు నన్ను అమ్మాడు, కొన్నవాడు ఇంకొకరికి అమ్మాడు, చివరికి ఒక ఇంగ్లీషు సైనికాధికారి సంచిలో చెన్నపట్నం చేరాను. అతను జ్వరంతో పోతే అతని బూట్లూ, కుర్చీలూ, నేనూ వేలానికి వచ్చాం. మా గుట్టలో ఒక గాజు షాండ్లియరు కూడా ఉండడం వల్ల, దానికి తోడుగా నేనూ నీలగెడ్డ జమీందారుగారి దివాణానికి వచ్చిపడ్డాను.

నీలగెడ్డ విశాఖపట్నానికి ఉత్తరాన కొండల అంచున ఉంటుంది. నేను వచ్చిన రెండు తరాలకు అక్కడ జమీందారు జగన్నాథరాజుగారు. ఫాల్కెన్‌రోడ్ రాజుగారు ఈయన్ని చూసి ఉంటే తోడబుట్టినవాడనుకునేవారు. నన్ను కచేరీ హాల్లో మఖమలు గుడ్డ మీద పెట్టించి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు.

"సీమ రాణీగారు స్వయంగా మా తాతగారికి పంపిన బొమ్మ. తాతగారు ఒక్క దెబ్బకు పులిని చంపారని తెలిసి."

మొదటి ఏడు ఒక పులి. మూడో ఏటికి రెండు పులులు. నేను చూస్తుండగానే తాతగారు అయిదు పులుల దాకా చంపారు. ఆ తాతగారు నన్ను షాండ్లియరుతో పాటు కొసరుగా తెచ్చుకున్నారని చెప్పడానికి నాకు నోరు ఉంది కాని, అది రంగుతో వేసినది.

జగన్నాథరాజుగారికి ఒక్కతే కూతురు, నరసాయమ్మ. తల్లి లేదు. దివాణంలో అందరూ అమ్మడు అంటారు. పద్దెనిమిదేళ్ళు. తొమ్మిదో ఏట అమ్మవారు పోసి, బతికి బయటపడింది. అంటే ఏమిటో మీకు తెలుసు కనక వర్ణించను. ఆ ఇంటి ఆడవాళ్ళకు ఘోషా. పరాయి మగవాడి కంట పడకూడదు, మాట వినబడితే తెర వెనక నుంచే.

గోదావరి అవతలి సంస్థానం నుంచి అమ్మడికి సంబంధం వచ్చింది. కుర్రవాడు చెన్నపట్నంలో ఇంగ్లీషు చదువుకున్నాడట. జాతకాలు చూశారు, దివ్యంగా కలిశాయి. అయితే కొత్త చదువు కనక కొత్త కోరిక: అమ్మాయి రూపం బొమ్మ రాయించి పంపమన్నాడు. విశాఖపట్నంలో ఫొటో తీసేవాడు ఉన్నాడు కాని, వాడు మగవాడు. అదీ కాక, ఫొటో పెట్టెకు మర్యాద తెలియదు, ఉన్నది ఉన్నట్టు తీసేస్తుంది.

అందుకని కనకాచారిని పిలిపించారు. దివాణం పూజ గది గోడల మీద దశావతారాలు రాస్తున్నది ఈయనే. మంచి చెయ్యి. కాని ఆయనా మగవాడే. కాబట్టి ఆచారి తెరకు ఇవతల కూర్చున్నాడు, అమ్మడు అవతల. మధ్యలో అమ్మడిని పెంచిన దాది పైడమ్మ తెర పక్కన నుంచుని చూసి చెబుతుంది, ఆచారి విని రాయాలి. ఈ ఏర్పాటు చేసినవాళ్ళలో ఒక్కరికీ నవ్వు రాలేదు.

"కళ్ళు ఎలా ఉంటాయి పైడమ్మా?"

"పెద్దయి బాబూ."

"ఎంత పెద్దవి?"

"ఏటా మాట? మొకానికి సరిపడా ఉంటాయి."

"ముక్కో?"

"రెండు కళ్ళకీ మజ్జిన ఉంటాది."

తెర అవతల అమ్మడు కిసుక్కున నవ్వింది. ఆచారికీ నవ్వొచ్చింది, దగ్గుతో సరిపెట్టుకున్నాడు. మూడు రోజులు ఇలా గడిచాక ఆయన రాసింది చూస్తే లక్ష్మీదేవికీ సత్యభామకూ మధ్యన ఎవరో వచ్చారు. జగన్నాథరాజుగారు విసుక్కుని, మఖమలు గుడ్డ మీది నుంచి నన్ను ఎత్తుకొచ్చి ఆచారి ముందు పెట్టారు.

"ఇదిగో, రాణీగారి మొహం. దీన్ని చూసి రాయి. జుట్టు నల్లగా చెయ్యి, కళ్ళు నల్లగా చెయ్యి, జడా బొట్టూ ముక్కుపుడకా పెట్టు. అయిపోయింది."

ఆచారి నన్ను చూశాడు, తెర వైపు చూశాడు. "దొరగారూ, ఇది అమ్మడుగారి పోలిక..."

"ఏం, మచ్చలు రాస్తావా నువ్వు?"

"ఉన్నాయా దొరగారూ? పైడమ్మ చెప్పలేదు."

జగన్నాథరాజుగారు ఫాల్కెన్‌రోడ్ రాణి కన్న ఒక మెట్టు పైనున్నారు. ఆవిడ చూసి కనిపించలేదంది. ఈయన చూడనే లేదు. "మా అమ్మాయికి ఏ మచ్చా లేదు" అని వెళ్ళిపోయారు.

నాకు అంతా తెలుసు. అదే చెంప, అదే మెరుపు, మళ్ళీ బండి తలుపు తీయడం, మళ్ళీ ప్రయాణం బాగా జరిగిందా అని అడగడం. ఆ తరవాత ముప్పై రెండేళ్ళ భోజనాలు. ఆచారి నా అద్దం మీద వెలుగు కళ్ళలో పడుతోందని చాకుతో చట్రం సడలించి అద్దం ఊడదీశాడు, మళ్ళీ బిగించలేదు. నా అబద్ధాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా మీ దేశపు అబద్ధంగా మార్చాడు. పట్టు చీర కట్టుకున్న లూయిజా తయారైంది. దంతానికి బదులు అరచేతి మందం పలక మీద, జానెడు బొమ్మ.

జగన్నాథరాజుగారు మురిసిపోయారు. "అచ్చు మా అమ్మడే!" అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. ఆ మాట పైకి అనడమే కాదు, మనసులోనూ అనుకున్నారని నాకు తోచింది. ఎల్లుండి పెట్టెలో పెట్టి లక్క ముద్ర వెయ్యమని దివానుకు చెప్పి, పైడమ్మను పిలిచి, "బొమ్మ అమ్మడికి చూపించు. రాణీగారిని కూడా పట్టుకెళ్ళు, ఎంత బాగా కుదిరిందో చూసుకుంటుంది" అని, కొండవైపు వేటకు వెళ్ళారు. తాతగారి అయిదు పులుల బరువు ఆయన మీద ఉంది కదా. అది గురువారం సాయంత్రం.

శుక్రవారం పొద్దున్న పైడమ్మ చేతుల్లో నేనూ, ఆచారి బొమ్మా లోపలి వాకిట్లోకి వెళ్ళాం. నరసాయమ్మను నేను దగ్గరగా చూడడం అదే మొదలు. తలంటుకుని జుట్టు ఆరబోసుకుని పీట మీద కూర్చుంది. ఆచారి బొమ్మను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవరు పైడమ్మా ఈవిడ?"

"తవరే అమ్మడుగోరు."

"నేనా? రేపు పెళ్ళయ్యాక అతను నా మేలిముసుగు తీసి, 'ఎవరీవిడ' అని అడిగితే? అప్పుడూ నువ్వు పక్కన నుంచుని చెబుతావా?"

పైడమ్మ అమ్మడి తడి జుట్టును వేళ్ళతో విడదీసింది.

"నన్ను వద్దంటే వద్దనుకుంటాడు, పోనీ. దీన్ని చూసి కావాలని, నన్ను చూసి ఊరుకుంటే? జీవితమంతా నేను వాళ్ళింట్లో దొంగలా తిరగాలి. నేను వెళ్ళను పైడమ్మా. ఈ మొహం వెళ్తే నేను వెళ్ళను."

"పెట్టె రేపే ఎల్లిపోతాది తల్లీ. దొరగోరి మాట."

ఈ సంభాషణ తేలకుండానే పైడమ్మ తన పని తను మొదలుపెట్టింది. శుక్రవారాలు దేవుడి పటాలన్నీ తడిగుడ్డతో తుడిచి, పసుపూ కుంకుమా పెట్టడం ఆవిడ పని. వెంకటేశ్వరుణ్ణి తుడిచింది, లక్ష్మిని తుడిచింది, పైడితల్లిని తుడిచింది. పక్కనే నేను. ఎప్పుడూ కచేరీ హాల్లో ఉండే రాణీగారు మొదటిసారి ఇంట్లోకి వచ్చారు. ముత్తయిదువుకు బొట్టు పెట్టకుండా పంపిస్తారా? పైడమ్మకు ఆ ఆలోచన రావడమే ఆలస్యం, గుడ్డను నీళ్ళల్లో ముంచి, గట్టిగా పిండి, నా ఎడమ చెంపను భక్తిగా ఒక్క తుడుపు తుడిచింది.

"ఓలమ్మో! రాణీగోరి సెంప ఊడొచ్చీసింది!"

నూరేళ్ళ పైబడిన చెంప గుడ్డకు గులాబీరంగు మరకగా అంటుకుంది. రాజులు, రాయబారులు, సరిహద్దులు, ముద్దులు, అన్నీ కలిసి గోరంత మరక.

పైడమ్మ ఏడుపు లంకించుకుంది. దొరగారు ప్రాణం తీస్తారని గుండెలు బాదుకుంది. అమ్మడు నన్ను చేతిలోకి తీసుకుని వెలుగు వైపు వంచింది. తెల్లటి దంతం మీద ఇరవై ఒక్క సూది గుంటలు. చూపుడువేలు వాటి మీద నడిపింది. తరవాత అదే వేలు తన చెంప మీద నడిపింది.

"ఏడవకు పైడమ్మా, ఇలా చూడు. ఈవిడకీ అమ్మవారు పోసింది."

అంత వరకు నా మొహం చూసినవాళ్ళు చాలామంది. నన్ను చూసింది ఆ పిల్ల.

తడిగుడ్డ అందుకుని కుడి చెంప తుడిచింది. పదిహేడు. నుదురు తుడిచింది. నాలుగు. నోరూ ముక్కూ పోయాయి. ఒక కన్ను తుడిచి, రెండో దాని దగ్గర ఆగింది. "ఇది ఉండనీ. చూడ్డానికి ఒకటైనా కావాలి కదా" అంది. తరవాత లేచి, చెంగు సర్దుకుని, తెర దాకా వెళ్ళింది. అవతల ఆచారి తన రంగు చిప్పలు కడుక్కుంటున్నాడు.

"ఆచారీ."

"అమ్మడుగారూ."

ఆవిడ తెర లాగేసింది. ఆచారి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అంత పెద్దమనిషి అలా పిల్లాడిలా కళ్ళు మూసుకోవడం నేను ఎక్కడా చూడలేదు.

"తెరవండి. చూసి రాయండి, ఉన్నది ఉన్నట్టు."

"దొరగారు నా చేతులు తీయిస్తారు తల్లీ."

"తీయిస్తే మా పూజ గది గోడ మీద మిగతా అవతారాలు ఎవరు రాస్తారు? నరసింహస్వామి దగ్గరే ఆగిపోయారు మీరు. స్తంభంలోంచి సగం వచ్చి ఆరు నెలలైంది ఆయన."

ఆచారి పెదవులు కదిలాయి. నవ్వో, స్తోత్రమో.

"చేసిన పని చూస్తే మీకు సంతోషంగా ఉందా?" అని అడిగింది అమ్మడు, మెల్లగా. "మీ చేత ఎవరో సీమ మనిషిని రాయించి, కింద నా పేరు పెడుతున్నారు. నాకు సిగ్గుగా ఉంది. మీకు లేదూ?"

ఆయన కళ్ళు తెరిచాడు. పనివాడికి సిగ్గు తగలాల్సిన చోట తగిలితే భయం కాస్త వెనక్కి తగ్గుతుంది. మాథియాస్‌ను ఎవరైనా ఇలా అడిగి ఉంటే ఏం చేసేవాడో నాకు తెలియదు, ఎవరూ అడగలేదు.

పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళ దాకా ఆ బొమ్మ మీదే పని చేశాడు. గడ్డం మార్చాడు, కనుబొమలు మార్చాడు. చెంపల మీది మెరుపు గీకేసి ఆవిడ రంగు వేశాడు. చివర ఒక్కొక్క గుంటకూ కింది అంచున సన్నని నీడ, పై అంచున చిన్న వెలుగు. పైడమ్మ మధ్యలో నుంచుని, "ఆ గెడ్డం కింద ఒకటి మర్సిపోనారు" అంది. అలవాటు కదా.

మర్నాడు దివాను ఆ పెట్టెకు తెరవకుండానే లక్క వేశాడు. దొరగారు చూసి మెచ్చుకున్నదాన్ని తను చూడడం దేనికి?

ఇరవై రోజులకు పెట్టె తిరిగొచ్చింది. పైన ఉత్తరం: అమ్మాయిగారి రూపం చూసి ఆనందించామనీ, తీరా మళ్ళీ పరిశీలించగా జాతకాలు కలవలేదనీ.

ముందురాత్రే వేట నుంచి తిరిగొచ్చిన జగన్నాథరాజుగారు లోపలి వాకిట్లో పెట్టె తెరిచి కేకలు వేశారు. అమ్మడు తనంతట తనే వచ్చింది.

"ఎవరు రాయించారిది?"

"నేనే నాన్నగారూ."

"నీ మొహం పరాయి మగాడు చూశాడా?"

సంబంధం పోయినందుకు కాదు చూడండి, కోపం. కూతురి బదులు వేరొకరి మొహం ఊరేగించడంలో ఆయనకు పరువు పోలేదు. కూతురి మొహం ఒక పనివాడు చూడడంలో పోయింది.

"ఒక్కడు చూశాడు నాన్నగారూ. చూసి భయపడలేదు, రాశాడు. ఆ రెండోవాడు బొమ్మకే భయపడ్డాడు. మంచిదే, మనిషిని చూసి భయపడేదానికన్న."

అప్పుడు ఆయన దృష్టి నా మీద పడింది. పీట మీద ఒంటి కన్నుతో ఉన్నాను. ఆయన నన్ను రెండు చేతులా ఎత్తుకుని "రాణీగారూ!" అని బావురుమన్నారు. కూతురు ఎదురుగా నుంచుని ఉంది. ఆవిడ మొహం వైపు ఆ రోజు కూడా ఆయన చూడలేదు. కనకాచారిని దివాణం నుంచి పంపేశారు. చేతులు మిగిలాయి. గోడ మీద నరసింహస్వామి మాత్రం స్తంభంలోనే సగం ఉండిపోయాడు.

తరవాత ఆవిడకు పెళ్ళయిందా? అడుగుతారని తెలుసు. అంతా విని మీరు అడిగేది అదే. నేను చెప్పను. ఆవిడ డెబ్భై మూడేళ్ళు బతికింది, ఎవరింట్లోనూ దొంగలా తిరగలేదు. నన్ను తన కుంకుమ భరిణె పక్కన పెట్టుకుంది. శుక్రవారాలు నన్ను పొడి గుడ్డతో తుడిచి, బొట్టు పెట్టేది. సూది గుంటల్లో ఆ కుంకుమ దిగి ఇంకిపోయింది.

దివాణం సామాన్లతో పాటు నేనూ, ఆచారి బొమ్మా ఈ మ్యూజియానికి వచ్చాం. ఇద్దర్నీ ఒకే అద్దాల పెట్టెలో ఎదురెదురుగా పెట్టారు. నా కింద చీటీ: 'గుర్తు తెలియని ఐరోపా రాజవంశ స్త్రీ. నీటి వల్ల పాడైనది.' ఆవిడ కింద: 'జమీందారీ కన్య. కాలక్రమేణా ముఖంపై రంగు పొక్కులు లేచినది.' వచ్చినవాళ్ళు చదివి, తల ఊపి, అయ్యో అని వెళ్తారు.

పదకొండేళ్ళ కిందట ఒక నిపుణుడు వచ్చాడు. భూతద్దంతో మమ్మల్ని చూశాడు. నాకు కవలబొమ్మ ఒకటి ఐరోపాలో ఉందట, దాన్ని చూసి నా మొహం తిరిగి వేయించవచ్చునట. గుంటల్లో ఎర్రటి మురికి ఏదో ఇరుక్కుంది, శుభ్రం చెయ్యాలట. పక్కనున్న జమీందారీ కన్య చెంపలూ నున్నగా పూడ్చి, ఇద్దరికీ 'అసలు రూపం' తేవాలని కాగితం రాసి ఇచ్చాడు.

ఆ కాగితం ఎదురు గదిలో ఒక ఫైల్లో ఉంది. సంతకం పెట్టాల్సిన ఆయన బదిలీ అయ్యాడు, తరవాతి ఆయన సెలవు పెట్టాడు, ఇప్పుడున్నావిడ ఫైలు మీద పువ్వుల కుండీ పెట్టుకుంది. మనుషుల కళ్ళు మమ్మల్ని కాపాడలేదు, మర్యాద కాపాడలేదు. వాళ్ళ బద్ధకం కాపాడుతోంది. మీ జాతి మీద నాకున్న కాస్త కృతజ్ఞతా దాని మీదే.

కుండీకి రోజూ నీళ్ళు పోస్తుంది ఆవిడ. పోసినప్పుడల్లా కొంచెం ఫైలు మీద ఒలుకుతుంది. సిరా నీళ్ళకు ఆగదని నాకు తెలుసు. నాకు తొందర లేదు. ఎదురుగా నరసాయమ్మ, చెంపల నిండా ఆవిడ మచ్చలతో. చూడ్డానికి నాకు ఒక కన్ను ఉంది.